దెబ్బతిన్న పులియు, తుపాకి గుండును

"దెబ్బతిన్న పులి" అను మాట మన భాషలో చిరకాలముగా నిలిచియున్నది. అవమానముతో రగులుచున్న మనిషిని గూర్చి చెప్పవలసి వచ్చినపుడు ఆ మాట వాడుదుము. అది కేవలము అలంకారము కాదనియు, అడవి అంచున బ్రదికిన పల్లెవారి అనుభవము దాని వెనుక కలదనియు మా తలంపు. దెబ్బ తగిలియు చావని పులి ఎంతటి ఆపదయో చంద్రగిరి, భాకరాపేట, మామండూరు ప్రాంతములవారికి ఒకప్పుడు వేరుగా చెప్పవలసిన పని లేకుండెను. ఆ దెబ్బ చాలకపోవుటకు ముఖ్యకారణములు రెండు. గురి తప్పుట ఒకటి. గుండు ఆ మృగమునకు తగినది కాకపోవుట రెండవది. గురిని గూర్చి వేటకాండ్రు ఎంతయో వ్రాసికొనిరి. గుండును గూర్చి సామాన్యులకు తెలిసినది తక్కువ. పెద్ద మృగములను కొట్టుటకు ఎట్టి గుండు తగునను ప్రశ్నకు నూటయేబది సంవత్సరములలో ఏయే సమాధానములు వచ్చెనో, ఆ సమాధానములకు మన చిత్తూరు, తిరుపతి అడవులతో ఎట్టి సంబంధము కలదో ఈ ప్రసంగమున మనవి చేయుదుము.

ముందుగా ఈ అడవుల స్వరూపమును తలచుకొందము. 1911 ఏప్రిల్ 1వ తేదీన ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల భాగములను కలిపి చిత్తూరు జిల్లాను ఏర్పరచిరి. 2022లో అందుండి తిరుపతి జిల్లా వేరుపడెను. తిరుమల కొండలను కలుపుకొని శేషాచల పర్వతశ్రేణి ఉత్తరముగా కడప సీమలోనికి సాగిపోవుచున్నది. కొండల నడుమ తలకోన వంటి జలపాతములును, చామల లోయ వంటి లోతైన పల్లములును కలవు. ఎర్రచందనము, వెదురు, ముండ్లపొదలు దట్టముగా పెరిగిన ఈ చోట్ల ముప్పది గజములకు ఆవల ఉన్న మృగము కంటికి ఆనుట కష్టము. దక్షిణమున పలమనేరు, కుప్పముల వైపు అడవి మైసూరు, సేలము ప్రాంతముల అడవులతో కలియును. వేటకాని గుండు పరుగెత్తవలసిన నేల ఇట్టిది. బయలు మైదానములలో మూడువందల గజముల దూరమునుండి లేడిని కొట్టువానికిని, ఇచ్చట పొదలోనుండి వెలుపలికి వచ్చు ఎలుగుబంటిని ఎదుర్కొనువానికిని ఒకే గుండు పనికిరాదు.

తుపాకి వచ్చిన తొలిదినములలో ఎంపిక అను మాటకు తావే లేదు. వత్తితో కాల్చు తుపాకిలో మందు కూరి, సీసపు గుండు వేసి, దగ్గరకు వచ్చిన మృగముపై పేల్చుటయే వేట. గొట్టము లోపల నునుపుగా ఉండుటచే గుండు నలుబది, ఏబది గజములు దాటినచో ఎటు పోవునో చెప్పుట కష్టము. వేగము తక్కువ గనుక బలము కావలెననిన బరువు పెంచుట తప్ప వేరు దారి లేకుండెను. తుపాకి పరిమాణమును "బోరు" అను లెక్కతో చెప్పు ఆచారము ఆ కాలపుదే. ఒక పౌను సీసముతో సమానమైన పండ్రెండు గుండ్లు చేసినచో అందొకటి ఏ గొట్టములో సరిపోవునో అది పండ్రెండు బోరు. ఆ గుండు బరువు సుమారు 38 గ్రాములు. నాలుగు బోరు గుండు పావు పౌను, అనగా 113 గ్రాములు తూగును. పందొమ్మిదవ శతాబ్దమున ఏనుగులను, అడవిదున్నలను కొట్టుటకు ఇట్టి భారీ తుపాకులనే దొరలు మోసికొనిపోయిరి. వాటి ఎదురుతాకిడికి భుజములు కమిలిపోయెడివి. నల్లమందు పొగ కండ్లయెదుట తెరవలె నిలిచి, మృగము పడినదో, మీదికి వచ్చుచున్నదో తెలియనిచ్చెడిది కాదు.

పల్లెలలోని నాటు తుపాకి కథ వేరు. పంటలను అడవిపందులనుండి కాపాడుకొనుటకు ప్రభుత్వము రైతులకు అనుమతిపత్రములు ఇచ్చెడిది. ఆ తుపాకులలో సీసపు గుండుకు బదులు ఇనుప ముక్కలు, మేకుల తునకలు, గులకరాళ్లు కూడ కూరుట కలదు. అట్టి ముక్కకు నిర్ణీతమైన ఆకారము లేదు, బరువు లేదు. గాలిలో త్వరగా వేగము కోల్పోవును. పందిపై పది గజములలో పనిచేసినను, చీకటిలో చేనిగట్టుపై కదలిన నీడ పందికాక చిరుతపులియో, పెద్దపులియో అయినచో ఆ తునకలు చర్మము చీల్చి కండలో నిలిచిపోవును. మృగము చావదు. పుండు చీము పట్టును. కాలు ఈడ్చుకొనుచు నడచు పులి దుప్పిని పట్టలేదు. పశువుల కాపరిని పట్టగలదు. రైతును మేము తప్పుపట్టుట లేదు. అతనికి దొరికినది అదియే. కాని ఫలితమును మాత్రము అతని పొరుగువారే అనుభవించిరి.

ఇక రైఫిలు సంగతి. గొట్టము లోపల మెలికలుగా గాళ్లు తీసినచో గుండు తన చుట్టు తాను తిరుగుచు పోయి, దారి తప్పదు. ఈ నేర్పు ఐరోపాలో చాల పాతదే అయినను, మన దేశపు పెద్ద వేటకు దానిని సరిచేసిన తీరు పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగమునాటిది. మధ్యభారతపు అడవులలో పనిచేసిన జేమ్స్ ఫోర్సిత్ అను అధికారి 1863లో వేట రైఫిలును, దాని గుండ్లను గూర్చి ఒక గ్రంథమే ప్రకటించెను. మెలికలు తక్కువగా ఉన్న గొట్టములో గుండ్రని గుండును ఎక్కువ మందుతో కాల్చవలెనని అతని వాదము. ఆ కాలముననే "ఎక్స్‌ప్రెస్" అను పేరుతో మరియొక పద్ధతి వచ్చెను. పొడవైన గుండును తేలికచేసి, కొనయందు బోలుగా ఉంచి, అధికవేగముతో పంపుటయే దాని మర్మము. దూరమును సరిగా అంచనా వేయకున్నను గుండు సూటిగా పోవుటచే వేటకాండ్రు దానిని మెచ్చిరి.

ఐతే బోలుగుండుతో ఒక చిక్కు వచ్చెను. లేడికి తగిలినచో అది విచ్చుకొని వెంటనే పడగొట్టును. పులి భుజపుటెముకకు తగిలినచో పైపైననే పగిలి ముక్కలగును. గాయము చూచుటకు పెద్దదే, లోతు మాత్రము లేదు. ఈ లోపమును గట్టిగా ఖండించినవాడు శామ్యూల్ బేకర్. సింహళము, ఆఫ్రికా, భారతదేశములలో వేటాడిన అనుభవముతో అతడు 1890లో ప్రకటించిన గ్రంథమున, పులికి మెత్తని సీసముతో చేసిన నిండు గుండే తగునని వాదించెను. అతడు మెచ్చిన .577 రైఫిలు గుండు సుమారు 650 గ్రెయిన్లు, అనగా 42 గ్రాములు. మెత్తని సీసము లోనికి పోవుకొలది పుట్టగొడుగువలె విచ్చుకొనును. కాని ముక్కలు కాదు. ఆవలి చర్మము క్రింద చదునుగా నిలిచిపోయినచో దాని బలమంతయు మృగమునందే ఖర్చగును. లోతుగా చొచ్చుట, లోపల విచ్చుట అను రెండు గుణములు ఒకదానికొకటి ఎదురు. విచ్చుకొన్న గుండుకు అడ్డు పెరుగును గనుక లోతు తగ్గును. ఈ రెంటికి నడుమ పొత్తు కుదుర్చుటయే గుండు ఎంపికలోని అసలు సమస్య. బేకర్ నాటినుండి నేటివరకు ఆ సమస్య మారలేదు.

1884లో ఫ్రాన్సు దేశమున పాల్ వియే అను రసాయనజ్ఞుడు పొగరాని మందును కనుగొనెను. దానితో తుపాకుల చరిత్ర మలుపు తిరిగెను. గుండు వేగము ఒక్కసారిగా పెరిగెను. ఆ వేగమునకును వేడికిని వట్టి సీసము ఆగదు. గొట్టములోని గాళ్లకు అంటుకొని చెడును. కావున సీసముపై రాగి, నికెలు మిశ్రమముతో పలుచని తొడుగు వేసిరి. తొడుగు కొనను పూర్తిగా కప్పినచో గుండు విచ్చుకొనక సూదివలె దూసుకొనిపోవును. 1895లో చిత్రాల్ యుద్ధమున బ్రిటిషు సైనికులకు ఈ అనుభవము ఎదురయ్యెను. గుండు తగిలిన శత్రువు ఆగక ముందుకు వచ్చుచున్నాడని వారు ఫిర్యాదు చేసిరి. అంతట కలకత్తా సమీపమున డమ్‌డమ్ కార్ఖానాలో కెప్టెన్ బెర్టీ క్లే అను అధికారి కొనయందు తొడుగు విడిచి సీసము బయటపెట్టిన గుండును తయారు చేయించెను. మన దేశపు ఊరి పేరు ఆ విధముగా ప్రపంచభాషలకు ఎక్కెను. 1899లో హేగు నగరమున సమావేశమైన రాజ్యములు, దేహములో విచ్చుకొను గుండును యుద్ధమున వాడరాదని ప్రకటించినవి.

ఇచ్చట ఒక విచిత్రము కలదు. మనిషిపై వాడరాదని నిషేధించిన గుండే మృగముపై వాడవలసినదని వేటకాండ్ర ధర్మము చెప్పును. పైకి క్రూరముగా తోచినను అందు న్యాయము లేకపోలేదు. యుద్ధమున శత్రువు పోరలేని స్థితికి వచ్చినచో చాలును. చంపి తీరవలెనని లేదు. వేటలో అట్లు కాదు. గాయపడి పారిపోయిన మృగము దినముల తరబడి బాధపడి చచ్చును. లేదా బ్రదికి మనుష్యులపై పడును. కావున పులి, చిరుత, దుప్పి, కడితి వంటి పలుచని చర్మము గల జంతువులకు సీసపు కొన గల మెత్తని గుండును, ఏనుగువంటి దళసరి చర్మము గల దానికి తొడుగు నిండుగా ఉన్న గట్టి గుండును వాడవలెనని నియమము ఏర్పడెను. ఏనుగు తలలో మెదడు చుట్టును దళసరియైన గుల్ల ఎముక ఉండును. మెత్తని గుండు అచ్చటనే చెదరిపోవును. అడవిదున్నకు మొదట మెత్తనిది, తరువాత గట్టిది వాడువారును కలరు.

గుండు ఎంపికలో ప్రభుత్వపు చేయి కూడ ఉండెను. 1857 తరువాత ప్రజల చేతిలో ఆయుధము ఉండుట పాలకులకు భయకారణమయ్యెను. 1878నాటి ఆయుధముల చట్టము ఆ భయమునుండి పుట్టినదే. 1898లో ఇంగ్లండునందు రిగ్బీ కంపెనీవారు .450 నైట్రో రైఫిలును వెలువరించిరి. 480 గ్రెయిన్ల గుండును సెకనుకు 2,100 అడుగులకు మించిన వేగముతో పంపు ఆ రైఫిలు పెద్ద వేటకు ప్రమాణమయ్యెను. కాని సైన్యమున వాడిన పాత మార్టిని రైఫిలు గొట్టమును ఆ కొలతదే. ఆ తూటాలలోని గుండ్లు తిరుగుబాటుదారుల చేతికి చిక్కునను శంకతో 1907 ప్రాంతమున .450 కొలత సామగ్రిని భారతదేశమునకు తెచ్చుట నిషేధించిరి. దానితో తుపాకుల కంపెనీలు .465, .470, .475 అను కొత్త కొలతలను పుట్టించెను. వీటిలో కొన్ని నేటికిని ఆఫ్రికాలో ప్రసిద్ధములు. వీటి పుట్టుకకు వేటగాని అవసరముకన్న వలసప్రభుత్వపు భయమే ఎక్కువ కారణము.

ఇక మన సీమకు వత్తము. బెంగుళూరులో నివసించిన కెన్నెత్ ఆండర్సన్ 1954లో ప్రకటించిన తన మొదటి వేటపుస్తకమున చామల లోయ పులిని గూర్చి ఒక అధ్యాయము వ్రాసెను. భాకరాపేట, నాగపట్ల, పులిబోను అను పేర్లు ఆ విధముగా దేశదేశముల పాఠకులకు తెలిసెను. 1957నాటి రెండవ పుస్తకమున మామండూరు పులి కథ కలదు. ఆతడు ఎక్కువగా చేపట్టినది .405 వించెస్టరు రైఫిలు. 1904లో అమెరికాలో వెలువడిన ఆ తూటాలోని గుండు 300 గ్రెయిన్లు, అనగా 19 గ్రాములకు కొంచెము పైన. వేగము సెకనుకు సుమారు 2,200 అడుగులు. అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్టు 1909లో ఆఫ్రికా వేటకు ఇదే రైఫిలును తీసికొనిపోయెను.

చామల లోయకు ఈ గుండు ఏల తగినదో విచారింతము. మంచెపై కూర్చున్నవాడు పులిని కొట్టునది ఇరువది, ముప్పది గజముల దూరమున. రాత్రి దీపపు వెలుగులో అంతకు మించి కనబడదు. అంత దగ్గర మిక్కిలి వేగము గల సన్నని గుండు ఎముకకు తాకి పగిలిపోవు ప్రమాదము కలదు. లావుగా, బరువుగా, మితమైన వేగముతో పోవు మెత్తని కొన గుండు భుజమును విరిచి లోనికి చొచ్చును. మీటను క్రిందికి లాగి పైకి తోసినంతనే మరియొక తూటా సిద్ధమగుట మరియొక సౌకర్యము. ఐతే ఆ గుండు పొడవు తక్కువ గనుక ఏనుగు తలలోనికి లోతుగా పోవుటకు అది అంత తగినది కాదని తుపాకుల పరీక్షకులు చెప్పుదురు. అన్నిటికి తగిన గుండు ఒకటి లేదనుటకు ఇది చాలును.

గుండు చిన్నదైనచో పనికిరాదా అని కొందరు అడుగవచ్చును. ఆఫ్రికాలో వేయికి పైగా ఏనుగులను చంపిన డబ్ల్యు. డి. ఎం. బెల్ వాటిలో అత్యధికభాగమును 7 మిల్లీమీటర్ల రైఫిలుతో, 173 గ్రెయిన్ల గట్టి గుండుతో పడగొట్టెను. ఏనుగు తలలో మెదడెచ్చట ఉండునో అతడు కపాలములు కోయించి చూచి నేర్చెను. తగిన చోట తగిలినచో చిన్న గుండును చాలుననుటకు అతడు నిదర్శనము. కాని అందరును బెల్ కారు. చేయి వణకినపుడు, చీకటిపడినపుడు, మృగము కదలినపుడు గుండు అంగుళము అటునిటు పోవును. అట్టి వేళ కొంత పూచీ వహించునది గుండు బరువు, దాని కట్టు. కావుననే అనుభవజ్ఞులు తమ గురిని నమ్ముకొనియు, గుండును మాత్రము గురి తప్పు వేళకు తగినట్లు ఎంచుకొనిరి.

గురియు గుండును రెండును తప్పినచో ఏమగునో చెప్పుటకు చంపావత్ పులి కథ చాలును. హిమాలయ ప్రాంతమున జిమ్ కార్బెట్ 1907లో చంపిన ఆ ఆడపులి 436 మందిని పొట్టపెట్టుకొన్నదని లెక్క. చచ్చిన పిదప దాని నోరు తెరచి చూడగా కుడివైపు కోరలు రెండును విరిగియుండెను. ఒకటి సగమునకు, రెండవది మొదలంట విరిగినది. ఎప్పుడో ఎవరో కాల్చిన తుపాకి దెబ్బయే కారణమని కార్బెట్ నిర్ణయించెను. కోరలు లేనిది తనకు సహజమైన ఆహారమును పట్టలేక మనిషికి తిరిగెను. ఆ తుపాకి కాల్చినవాని పేరు ఎవరికిని తెలియదు. చచ్చిన 436 మందికిని అతనికిని పరిచయము లేదు. వేటలో తప్పు చేసినవాడొకడు, ఫలము అనుభవించువారు వేరొకరు. మేము గుండు కథను ఇంత విపులముగా చెప్పుటకు కారణము ఇదియే.

గుండును మెరుగుపరచు యత్నము ఆగలేదు. 1946లో కెనడా అడవిలో జాన్ నోస్లర్ అను అమెరికా వేటకాడు పెద్ద కొమ్ముల దుప్పిజాతి మృగమును కొట్టగా, దాని ఒంటిపై ఎండిన బురదకును దళసరి కండకును అతని గుండు నిలువలేకపోయెను. అంతట అతడు గుండు నడుమ రాగి గోడ ఒకటి ఉంచి, ముందుభాగము విచ్చుకొనునట్లు, వెనుకభాగము చెదరక చొచ్చునట్లు రచించెను. 1948నుండి అది అంగడికి వచ్చెను. బేకర్ కోరిన రెండు గుణములు ఒకే గుండులో రెండు గదులుగా చేరెను. తరువాత సీసమే లేని రాగిగుండ్లు వచ్చెను. మృగకళేబరములోని సీసపు తునకలు తిని రాబందులు చచ్చుచున్నవని తెలిసి, కాలిఫోర్నియా రాష్ట్రమున 2019నుండి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించిరి.

ఇంతలో మన దేశమున వేట కాలమే ముగిసెను. అడవి ఏనుగుల రక్షణకు మద్రాసు ప్రభుత్వము 1873లోనే చట్టము చేసియుండెను. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చి పెద్దవేటకు స్వస్తి చెప్పెను. చామల లోయ పెద్దపులి అప్పటికే అరుదయ్యెను. నేడు పులిని చూడవలెననిన నల్లమల వైపు పోవలసినదే. శేషాచలపు అడవులలో కొంతభాగము 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యానమయ్యెను. 2010లో శేషాచలము జీవావరణ రక్షితప్రాంతముగా గుర్తింపబడెను. 1980లలో ఏనుగులు సుమారు రెండు శతాబ్దముల పిదప కుప్పము, పలమనేరు అడవులకు తిరిగివచ్చెను. వాటికొరకు 1990లో కౌండిన్య అభయారణ్యము వెలసెను.

వేట ముగిసినను మనిషికిని మృగమునకును నడుమ తగవు ముగియలేదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిన ఒక పసిబిడ్డను చిరుత పొట్టపెట్టుకొనెను. వెనుకటి కాలమైనచో దొర ఒకడు రైఫిలుతో మంచె ఎక్కియుండెడివాడు. ఇప్పుడు అటవీశాఖవారు బోనులు పెట్టి పలు చిరుతలను ప్రాణములతో పట్టిరి. మృగమును పట్టుటకు గాని, మత్తు ఇచ్చుటకు గాని, వేరుచోటికి తరలించుటకు గాని వీలులేనపుడే చంపుటకు చట్టము అనుమతించును. మత్తుసూది తుపాకిని 1950లలో న్యూజిలాండు దేశీయుడైన కోలిన్ మర్డాక్ రూపొందించెను. దానియందును పాత ప్రశ్నలే కలవు. మృగము బరువెంత, దూరమెంత, ఎచ్చట తగులవలెను అనునవి ముందుగా తేల్చుకొనవలెను. బలము ఎక్కువైనచో సూది కండను చీల్చి ఎముకను విరుచును, మందు తక్కువైనచో సగము మత్తుతో మృగము తిరుగబడును, ఎక్కువైనచో లేవదు. బేకర్ పడిన తర్జనభర్జన ఇప్పుడు పశువైద్యుని పాలబడినది.

మరియొక వైపు, చేలగట్లపై పందులకొరకు తిండిలో దాచిన నాటుబాంబులును, దొంగతనముగా తీగెలకు ఎక్కించిన కరెంటును నేటికిని వార్తలకెక్కుచున్నవి. ఇవి మేకుల తునకలు కూరిన నాటు తుపాకికి వారసులు. ఎవరికి తగులునో ఎంచుకొనని ఆయుధములివి. పందికి పెట్టినది ఏనుగు నోటను పేలవచ్చును. ఆవు నోటను పేలవచ్చును. తీగె తాకినవాడు పొరుగు రైతే కావచ్చును. పంట పోయిన రైతు కడుపుమంట మాకు తెలియనిది కాదు. నష్టపరిహారము వేళకు అందుట, కందకములు, సౌరకంచెలు, 2025లో కర్ణాటకమునుండి వచ్చిన కుంకీ ఏనుగుల వంటి ఏర్పాట్లు నమ్మకముగా సాగినగాని ఆ మంట చల్లారదు.

నూటయేబది సంవత్సరముల వేటగ్రంథములనుండి మనము నేర్వదగినది తుపాకి విద్య కాదు. కాల్చుటకు ముందే, దెబ్బ తగిలి చావనిచో ఏమగునని ఆలోచించుట ఉత్తమ వేటకాండ్రు పాటించిన మొదటి నియమము. గాయపడిన పులిని వెదకి పొదలలోనికి మరునాడు పోవుట వారి రెండవ నియమము. ఎంత ప్రమాదమైనను దానిని విడిచిపెట్టి ఊరు చేరుట సిగ్గుమాలిన పనిగా వారు ఎంచిరి. నేడు మన చేతులలో రైఫిలు లేదు. కాని బోను పెట్టు అధికారికిని, కంచె కట్టు రైతుకును, అడవిదారిన కొండకు నడచు భక్తునకును ఆ రెండు నియమములు ఇప్పటికిని వర్తించును. చేసిన పని ఫలము ఎవరిపై పడునో ముందుగా తలచుకొనవలెను. పడినచో బాధ్యతను వదలుకొనరాదు.